అలంపురం ఆలయ సముదాయం

తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో, తుంగభద్ర ఎడమ గట్టున ఉన్న శైవ, శాక్త క్షేత్రం అలంపురం. వాడుకలో అలంపూర్ అంటారు. బాదామి చాళుక్యుల కాలంలో, క్రీ.శ. 7, 8 శతాబ్దాల్లో కట్టిన తొమ్మిది శివాలయాల సమూహం వల్ల ఇది ప్రసిద్ధమైంది. వీటిని నవబ్రహ్మ ఆలయాలు అంటారు. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ ఆలయం, కూడవెల్లి నుంచి తరలించిన సంగమేశ్వరాలయం, పాపనాశి ఆలయ సమూహం, సూర్యనారాయణ, నరసింహ ఆలయాలు, పురావస్తు ప్రదర్శనశాల కూడా ఈ క్షేత్ర పరిధిలోకే వస్తాయి. మధ్యయుగంలో ఇది శైవాచార్యుల మఠస్థానం కూడా. గుళ్లు నిలిచాయి, మఠం నిలవలేదు. అందుచేత గుడి చరిత్రను రాతి కట్టడంలోనూ, మఠం చరిత్రను శాసనాల్లోనూ చదవవలసి వస్తుంది.

పేరు

1101 నాటి కల్యాణి చాళుక్య శాసనంలో ఊరి పేరు హతంపురం అని కనిపిస్తుంది. హేమలాపురం, అలంపురం అన్న రూపాలూ వాడుకలో ఉన్నాయి. క్షేత్రాన్ని దక్షిణకాశి అనీ, శ్రీశైలానికి పశ్చిమ ద్వారం అనీ పిలుస్తారు. శ్రీశైల ద్వారాల్లో తూర్పుది త్రిపురాంతకం, దక్షిణానిది సిద్ధవటం, ఉత్తరానిది నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఉమామహేశ్వరం. అంటే నల్లమల చుట్టూ అల్లుకున్న ఒక యాత్రా మార్గంలో అలంపురం ఒక మజిలీ.

ఉనికి, పాలనా విభాగం

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేదికి తూర్పు కొసన అలంపురం ఉంది. గద్వాల, అలంపురం ప్రాంతాన్ని స్థానికులు నడిగడ్డ అంటారు. రెండు నదులు కలిసే చోటు ఇక్కడికి దగ్గరే. ఊరి తూర్పు వైపున తుంగభద్ర ఉత్తరవాహినిగా పారుతుందని చెప్పుకుంటారు. ఉత్తరానికి తిరిగిన నదీ తీరానికి శైవ సంప్రదాయంలో ప్రత్యేకత ఉంది. దక్షిణకాశి అన్న ప్రఖ్యాతికి అదీ ఒక కారణం.

నిజాం కాలంలో అలంపురం, గద్వాల తాలూకాలు హైదరాబాద్ రాజ్యంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది. తెలుగు మాట్లాడే ఈ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణ ప్రభుత్వం ఆ జిల్లాను విభజించినప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలతో పాటు జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడింది. అలంపురం అమ్మవారి పేరే జిల్లా పేరులో చేరింది.

చరిత్ర

బాదామి చాళుక్యులు (543–753) కృష్ణా తుంగభద్రల మధ్య భూమిని తమ రాజ్యానికి కీలకంగా చూసుకున్నారు. రెండవ పులకేశి (610–642) తరువాత పల్లవుల దండయాత్రతో రాజ్యం కొంతకాలం చెల్లాచెదురైంది. దాన్ని మళ్లీ నిలబెట్టిన మొదటి విక్రమాదిత్యుడికి (655–680) ఈ ప్రాంతంతో ఉన్న అనుబంధానికి ఆముదాలపాడు తామ్రశాసనం సాక్ష్యం. సుదర్శనాచార్యుడనే గురువు వద్ద రాజు శివమండల దీక్ష తీసుకుని, గురుదక్షిణగా ఊరిని దానం చేసినట్టు 660 నాటి ఆ శాసనం చెబుతుంది. ఒక దక్కను రాజు శైవదీక్ష పొందిన సంగతిని ఇంత స్పష్టంగా నమోదు చేసిన తొలి ఆధారాల్లో ఇదొకటి. నవబ్రహ్మ ఆలయాల నిర్మాణానికి వెనుక ఉన్న ధార్మిక వాతావరణం దీని వల్ల తెలుస్తుంది.

వినయాదిత్యుని (681–696) కాలంలో లోకాదిత్య ఎళ అరసు మహాదేవి గౌరవార్థం స్వర్గబ్రహ్మ ఆలయాన్ని కట్టించినట్టు ఆ గుడిలోని శాసనం తెలుపుతుంది. బాలబ్రహ్మ ఆలయంలో విజయాదిత్యుని (696–733) పాలనకు చెందిన 702 నాటి శాసనం ఉంది. అదే రాజు ఆజ్ఞ మేరకు ఈశానాచార్యస్వామి ఆలయ ప్రాకారాన్ని కట్టించినట్టు దాదాపు పదేళ్ల తరువాతి ప్రశస్తి చెబుతుంది. ఈ ప్రశస్తి తెలుగు కన్నడ లిపిలో కాక, ఉత్తరాదిన వాడుకలో ఉన్న సిద్ధమాతృక లిపిలో ఉంది. గుడి శిఖరాలూ ఉత్తరాది రీతివే. శిల్పులో, ఆచార్యులో, ఇద్దరూనో ఉత్తర దేశంతో సంబంధం ఉన్నవారని కొందరు పరిశోధకులు దీన్ని బట్టి ఊహించారు.

రాష్ట్రకూటుల, కల్యాణి చాళుక్యుల కాలాల్లోనూ ఇక్కడ నిర్మాణాలు సాగాయి. పాపనాశి గుళ్లలో ఎక్కువ భాగం ఆనాటివే. 14వ శతాబ్దం నుంచి రాయచూరు అంతర్వేది బహమనీలకూ విజయనగర రాజులకూ నిత్య యుద్ధభూమి అయింది. ఆ శతాబ్దం చివర జరిగిన దాడిలో జోగులాంబ ఆలయం నేలమట్టమైందని స్థానిక చరిత్ర చెబుతుంది. నరసింహాలయంలో కృష్ణదేవరాయల కాలపు శాసనం ఉంది. తరువాత ఈ ఊరు కుతుబ్‌షాహీల, మొగలుల, అసఫ్‌జాహీల ఏలుబడిలోకి వచ్చింది. ఆలయాల చెంతనే షా అలీ పహిల్వాన్ దర్గా వెలసింది. దానికి ఏటా ఉర్సు జరుగుతుంది. గుడికీ దర్గాకూ ఒకే దారిన జనం నడవడం ఇక్కడ మామూలు సంగతి.

శైవ మఠం

ప్రాకారం కట్టించిన ఈశానాచార్యస్వామి పేరే ఇక్కడ ఆచార్య పరంపర ఉండేదనడానికి మొదటి ఆధారం. ఆలయ నిర్వహణ పూజారి చేతిలో మాత్రమే ఉన్న రోజుల్లో ఒక ఆచార్యుడు రాజాజ్ఞతో ప్రాకారం నిర్మించడం కుదరదు. ఆయన వెనుక శిష్యగణమూ, భూములూ, ఆదాయమూ ఉండి ఉండాలి.

11, 12 శతాబ్దాల నాటికి ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. కల్యాణి చాళుక్యుల కాలపు శాసనాలు బ్రహ్మేశ్వర దేవునికి ఇచ్చిన దానాలతో పాటు స్థానాధిపతులైన ఆచార్యులనూ పేర్కొంటాయి. ఆ కాలంలో శ్రీశైలం నుంచి కర్ణాటకలోని బళ్లిగావె వరకు దక్కనులో కాలాముఖ శైవుల మఠాలు విస్తరించాయి. కాలాముఖులను మరో శైవ శాఖ అయిన కాపాలికులతో కలిపి భయంకర సాధకులుగా చిత్రించడం పాత గ్రంథాల్లో కనిపిస్తుంది. ఆ చిత్రణలో చాలా భాగం ప్రత్యర్థుల రాతల నుంచి వచ్చింది. శాసనాల్లో కనిపించే కాలాముఖాచార్యులు న్యాయ, వైశేషికాది శాస్త్రాల్లో పండితులు. వారి మఠాలు విద్యార్థులకు చదువు చెప్పేవి, తపస్వులకు, బాటసారులకు అన్నం పెట్టేవి. అందుకోసమే దాతలు భూములు ఇచ్చేవారు. 12వ శతాబ్దం తరువాత వీరశైవం విస్తరించడంతో కాలాముఖ మఠాలు క్రమంగా కనుమరుగయ్యాయి. వాటిలో చాలా వాటిని వీరశైవులే స్వీకరించారు.

మఠాల గదులు కట్టెతోనో, మట్టి ఇటుకతోనో కట్టేవారు. దేవుడి ఇల్లు రాతిది, సన్యాసి ఇల్లు పెంకుటిది అన్నట్టుగా సాగిన ఈ అలవాటు వల్ల దక్కనులో గుళ్లు మిగిలినన్ని మఠ భవనాలు మిగలలేదు. యూరప్‌లో బరోక్ కాలపు మఠాలకు వెళ్తే ప్రార్థనాలయంతో పాటు భిక్షువుల గదులు, భోజనశాల, గ్రంథాలయం కూడా చూడవచ్చు. అలంపురంలో ఆ రెండో భాగం కంటికి కనబడదు.

నవబ్రహ్మ ఆలయాలు: నిర్మాణ పద్ధతి

తొమ్మిది గుళ్ల పేర్లు బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ, తారకబ్రహ్మ, గరుడబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ. పేర్లలో బ్రహ్మ ఉన్నా అన్నింటిలోనూ ప్రతిష్ఠ శివలింగమే. బ్రహ్మ ఇక్కడ శివుని గురించి తపస్సు చేసి సృష్టిశక్తి పొందాడన్న స్థలపురాణం దీనికి వివరణ. అర్క, బాల, కుమార వంటివి ఓషధుల పేర్లనీ, రసవాదులతో ఈ క్షేత్రానికి ఉన్న సంబంధాన్ని సూచిస్తాయనీ మరో వాదం ఉంది. రససిద్ధుడనే యోగి రసవిద్యతో బంగారం చేసి గుళ్లు కట్టించాడనీ, విలసద్రాజు అనే పాలకుడి అత్యాశ వల్ల ఆ పని చెడిందనీ చెప్పే ఐతిహ్యం కూడా ఈ రెండో వాదానికి దగ్గరిదే. శాసనాల్లో ఈ కథకు ఆధారం లేదు.

గుళ్లన్నీ తూర్పు ముఖంగా, అంటే నది వైపు తిరిగి ఉంటాయి. కట్టడానికి వాడింది ఇసుకరాయి. సున్నం లేకుండా రాళ్లను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టారు. తారకబ్రహ్మ తప్ప మిగిలిన ఎనిమిదీ ఒకే తరహా పథకాన్ని అనుసరిస్తాయి. పొడవైన దీర్ఘచతురస్రాకారపు బయటి గోడ, దాని లోపల పడమటి చివర చతురస్ర గర్భగృహం, దాని చుట్టూ కప్పు ఉన్న ప్రదక్షిణాపథం, ముందు అంతరాళం, ఆ ముందు రెండు వరుసల స్తంభాలతో మండపం ఉంటాయి. ప్రదక్షిణాపథం గుడి లోపలే ఉన్న ఇలాంటి ఆలయాన్ని వాస్తుశాస్త్రంలో సాంధారమంటారు. స్తంభాల వరుసలు మండపాన్ని నడిమి దారిగా, రెండు పక్క దారులుగా చీలుస్తాయి. నడిమి కప్పు ఎత్తుగా, పక్క కప్పులు వాలుగా ఉంటాయి. ప్రదక్షిణాపథానికి వెలుతురు గోడల్లోని రాతి జాలకాల నుంచి వస్తుంది. తెలుగు నేలపై రాతితో పూర్తిగా కట్టిన సాంధార ఆలయాల్లో ఇవి తొలితరానివి.

గర్భగృహం మీది శిఖరం ఈ సముదాయంలో ఎక్కువ చర్చకు వచ్చిన అంశం. అది రేఖానాగర శిఖరం. చతురస్రంగా మొదలై, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతూ, చివర ఆమలకం అనే గాడుల చక్రంతో ముగుస్తుంది. ఉసిరికాయ ఆకారంలో ఉండడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. శిఖరం మూలల్లో అంతస్తుకొకటిగా చిన్న ఆమలకాలు, నడిమి పట్టీలో ఒకదానిలో ఒకటి అల్లుకున్న గూళ్లు ఉంటాయి. ముందు వైపు శుకనాసి అనే భాగం ముందుకు చొచ్చుకు వస్తుంది. దాని మధ్య వలయంలో నాట్యం చేసే శివుడు ఉంటాడు. దక్షిణాదిలో, అంతస్తులుగా మెట్ల వరుసలో పెరిగే ద్రావిడ విమానాల నడుమ ఇలాంటి శిఖరాలు ఒకేచోట ఇన్ని ఉండడం అరుదు. తారకబ్రహ్మ ఆలయం ఒక్కటే ద్రావిడ రీతికి చెందింది.

ఈ రీతి ఎక్కడి నుంచి వచ్చిందన్నది తేలలేదు. నర్మదకు ఉత్తరాన ఉన్న మాళవ, మధ్యభారత ఆలయాలతో సంబంధం ఉందని కొందరంటారు. బాదామి, ఐహొళె, పట్టదకల్లులలోనే నాగర, ద్రావిడ రీతులు పక్కపక్కన వాడుకలో ఉన్నాయి కాబట్టి బయటి మూలం వెతకనక్కర లేదని మరికొందరు వాదిస్తారు. పట్టదకల్లులోని గళగనాథ ఆలయం అలంపురం గుళ్లకు చాలా దగ్గరి పోలిక. పట్టదకల్లుకు 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థల గుర్తింపు వచ్చింది. పోలికలు చూస్తే అలంపురం శిల్పుల ప్రభావం పడమటికి వెళ్లిందన్న వాదానికి బలం ఉంది.

ఏ గుడి ముందు, ఏది తరువాత అన్న విషయంలో పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు. కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ తొలినాటివనీ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ చివరివనీ ఎక్కువ మంది ఒప్పుకుంటారు. ఆధారం గోడల అలంకారం. తొలి గుళ్లలో గోడ దాదాపు సాదాగా ఉండి, జాలకాలే అలంకారం. తరువాతి వాటిలో గోడ ముందుకు వెనకకు మడతలు పడి, ప్రతి మడతలో విగ్రహం ఉన్న కోష్ఠం వస్తుంది.

శిల్పం

శిల్పం కోసం ఒక్క గుడినే చూడగలిగితే స్వర్గబ్రహ్మను చూడాలి. ముందు స్తంభాల ముఖమండపం, మూలల్లో దిక్పాలకులు, కోష్ఠాల్లో లింగోద్భవమూర్తి, దక్షిణామూర్తి, త్రివిక్రముడు, నటరాజు కనిపిస్తారు. జాలకాలకు అటూ ఇటూ మిథునాలు ఉన్నాయి. శివాలయం గోడపై త్రివిక్రముడికి చోటు ఇవ్వడం వింత కాదు. చాళుక్య రాజులు వరాహలాంఛనం ధరించినవారు, వైష్ణవ శైవ ఆలయాలు రెండింటినీ పోషించినవారు.

ద్వారశాఖల అడుగున గంగా యమునల విగ్రహాలుంటాయి. విశ్వబ్రహ్మ ఆలయం పీఠంపై హంసల బారులు, వాద్యకారులు, మరుగుజ్జు గణాలు చెక్కి ఉన్నాయి. ఈ సమూహంలో పురాణ ఇతిహాస ఘట్టాలతో పాటు పంచతంత్ర కథలూ రాతికెక్కాయి. మండప స్తంభాల పైభాగాన పొంగి ఆకులు జాలువారే పూర్ణఘటం అన్ని గుళ్లలోనూ కనిపించే గుర్తు. గరుడబ్రహ్మ, వీరబ్రహ్మలలో కొన్ని కోష్ఠాలు ఖాళీగా ఉన్నాయి. అర్కబ్రహ్మ చాలా వరకు శిథిలమైంది.

జోగులాంబ ఆలయం

సతీదేవి పై దవడ దంతాలు పడిన చోటుగా అలంపురాన్ని శాక్త సంప్రదాయం గుర్తిస్తుంది. మూల ఆలయం ధ్వంసమైన తరువాత అమ్మవారి విగ్రహాన్ని, చండి, ముండి విగ్రహాలతో సహా, బాలబ్రహ్మ ఆలయంలో ఉంచి పూజించారు. ఆరు శతాబ్దాల పాటు అలా సాగింది. 2005లో పాత స్థానంలో కొత్త ఆలయం కట్టి అమ్మవారిని తిరిగి ప్రతిష్ఠించారు. గుడి కొత్తదే అయినా శిఖరాన్ని నవబ్రహ్మ ఆలయాల తరహాలో కట్టారు. అందుచేత దూరం నుంచి చూసేవారు దాన్నీ ప్రాచీన కట్టడమని పొరబడే అవకాశం ఉంది.

అమ్మవారు ఉగ్రరూపిణి. ప్రేతాసనంపై కూర్చుని ఉంటుంది. జటాజూటంలో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉంటాయి. ఉగ్రత చల్లారేందుకు గర్భాలయం చుట్టూ నీటి గుండం ఏర్పాటు చేశారు. యోగినుల తల్లి అన్న అర్థంలో యోగులాంబ అనే పేరే జోగులాంబ అయిందని చెబుతారు. శైవ మఠమూ, శాక్త పీఠమూ ఒకే ఆవరణలో ఎలా కుదిరాయన్న ప్రశ్నకు జవాబు బాలబ్రహ్మ ఆలయంలోని సప్తమాతృకల విగ్రహాలు చూస్తే దొరుకుతుంది. మాతృకల ఆరాధన చాళుక్యుల కులాచారం. తమను సప్తమాతృకలు పెంచారని వారు శాసనాల్లో చెప్పుకున్నారు.

తరలివచ్చిన ఆలయాలు

కృష్ణపై శ్రీశైలం జలాశయ నిర్మాణం 1960లో మొదలైంది. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టానికి నీరు చేరితే అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నదుల ఒడ్డున ఉన్న ఊళ్లతో పాటు అనేక ప్రాచీన ఆలయాలు మునిగిపోతాయని తేలింది. కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖలు 1970ల చివరి నుంచి వాటిని విప్పి ఎగువకు తరలించే పని చేపట్టాయి. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కోసం 1964–68లో అబూ సింబెల్ ఆలయాలను తరలించిన పనితో దీన్ని పోల్చడం పరిపాటి. అక్కడ కొండను తొలిచి చేసిన ఆలయాన్ని దిమ్మెలుగా కోశారు. ఇక్కడ సున్నం లేని కట్టడాలు కాబట్టి రాయిని కోయవలసిన పని రాలేదు. ప్రతి రాయికీ అంకె వేసి, కొలతలతో చిత్రాలు గీసి, పై నుంచి కిందికి వరుసగా విప్పి, కొత్త పునాదిపై అదే వరుసలో మళ్లీ పేర్చారు.

తుంగభద్ర, కృష్ణ కలిసే కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయం అలా అలంపురానికి వచ్చింది (చూ. కూడవెల్లి). నవబ్రహ్మ ఆలయాల కాలానిదే అయిన ఈ గుడి జగతి అనే ఎత్తైన అరుగుపై, చుట్టూ శిల్పాలు చెక్కిన ప్రాకారంతో ఉంటుంది. నవబ్రహ్మ ఆలయాల కంటే కింది నుంచి పైవరకు మొత్తం పథకం చెదరకుండా ఉన్న కట్టడం ఇదే. దీన్ని వేరే సంగమేశ్వరాలయాలతో కలపకూడదు. ముచ్చుమర్రి దగ్గర, ఏడు నదులు కలిసే చోట, జలాశయం నీరు తగ్గినప్పుడు మాత్రమే బయటపడే సంగమేశ్వరం వేరు. కర్నూలు జగన్నాథగట్టుపైకి తరలించిన రూపాల సంగమేశ్వరం వేరు. పత్రికల్లో సైతం ఈ మూడూ తారుమారవుతుంటాయి.

పాపనాశి ఆలయాల సమూహాన్ని ఊరికి నైరుతి దిక్కుకు తరలించారు. 20కి పైగా చిన్న గుళ్లు ఉన్న ఈ సమూహం 9–11 శతాబ్దాలది. ఇక్కడి శిఖరాలు నాగరం కాదు. పలకలు ఒకదానిపై ఒకటి కుదించుకుంటూ పోయే మెట్ల పిరమిడ్ ఆకారం, దీన్ని ఫాంసన రీతి అంటారు. నవబ్రహ్మ ఆలయాలు చూసిన వెంటనే పాపనాశి చూస్తే, మూడు వందల ఏళ్లలో ఒకే ఊరి చుట్టూ నిర్మాణ అభిరుచి ఎంత మారిందో ఏ పుస్తకం అక్కర లేకుండా అర్థమవుతుంది. లోపలి స్తంభాలు, కప్పు పలకలపై శివుని నాట్యం వంటి శిల్పాలు చూడదగ్గవి.

నవబ్రహ్మ ఆలయాలను మాత్రం కదిలించలేదు. ఊరిని, గుళ్లను జలాశయం వెనుకనీటి నుంచి కాపాడేందుకు నది వెంట కరకట్ట కట్టారు. తూర్పు ముఖంగా నదిని చూస్తూ కట్టిన గుళ్లకు ఇప్పుడు ఎదురుగా కట్ట కనిపిస్తుంది. 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర ఉప్పొంగినప్పుడు కర్నూలుతో పాటు అలంపురమూ మునిగింది.

ప్రదర్శనశాల

ఆలయాల పక్కనే 1952లో నెలకొల్పిన పురావస్తు ప్రదర్శనశాల ఉంది. చుట్టుపక్కల దొరికిన 6 నుంచి 16 శతాబ్దాల దాకా విగ్రహాలు, శాసనాలు ఇందులో చేర్చారు. నటరాజు, మహిషాసురమర్దని, నాగబంధం ఉన్న కప్పు పలకలతో పాటు తల స్థానంలో పద్మం ఉన్న లజ్జాగౌరి విగ్రహం ముఖ్యమైంది. సంతానం కోరే స్త్రీలు ఈ దేవతను కొలిచేవారు. దక్కనులో ఈ రూపం శాతవాహనుల తరువాతి కాలం నుంచి చాలా చోట్ల దొరికినా, ఇంత పెద్ద రాతి విగ్రహాలు తక్కువ.

పరిశోధన, సంరక్షణ

1914లో ఏర్పడిన హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖకు గులాం యజ్దానీ తొలి సంచాలకుడు. అలంపురం ఆలయాలు ఆయన హయాంలో శాఖ పరిశీలనలోకి, సంరక్షణలోకి వచ్చాయి. తరువాత నవబ్రహ్మ ఆలయాలు భారత పురావస్తు సర్వేక్షణ రక్షిత కట్టడాలయ్యాయి. ఎం. రాధాకృష్ణ శర్మ, బి. రాజేంద్రప్రసాద్, ఫ్రెంచి పరిశోధకురాలు ఓదిల్ దివాకరన్ ఈ ఆలయాలపై విస్తృతంగా రాశారు.

ఊరి వైపు నుంచి ఈ పనికి అంకితమైన వ్యక్తి గడియారం రామకృష్ణశర్మ (1919–2006). శాసనాలు చదివి, సేకరించి, క్షేత్ర చరిత్ర రాసి, జోగులాంబ ఆలయ పునర్నిర్మాణం కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టినవారాయన. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరగడానికి ఆయనే ముఖ్య కారకుడు. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ సభలకు వచ్చారు. రామకృష్ణశర్మ ఆత్మకథ ‘శతపత్రము’కు 2007లో, మరణానంతరం, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఆరాధన, ఉత్సవాలు

తొమ్మిది గుళ్లలో నిత్య పూజలు ప్రధానంగా బాలబ్రహ్మేశ్వరునికే జరుగుతాయి. ఇక్కడి లింగం మామూలు ఆకారంలో ఉండదు. గోపాద ముద్రలా ఉంటుందని చెబుతారు. బాలబ్రహ్మేశ్వర, జోగులాంబ ఆలయాల పూజా నిర్వహణ దేవాదాయ శాఖది, పురాతన కట్టడాల రక్షణ పురావస్తు శాఖది. ఒకే ఆవరణలో రెండు శాఖల నియమాలు ఉండడం వల్ల కొత్త నిర్మాణాలు, రంగులు, రేకుల షెడ్ల విషయంలో అప్పుడప్పుడు భేదాభిప్రాయాలు వస్తుంటాయి.

మహాశివరాత్రి, దసరా నవరాత్రులు ముఖ్య ఉత్సవాలు. మాఘమాసంలో జరిగే బ్రహ్మోత్సవాలు వసంత పంచమితో ముగుస్తాయి. ఆ రోజు సహస్ర ఘటాభిషేకం చేసి అమ్మవారి నిజరూప దర్శనం కల్పిస్తారు. ఏడాదిలో మిగిలిన రోజుల్లో అలంకారంలో ఉన్న రూపమే కనిపిస్తుంది. పుష్కరాలకు కూడా అలంపురం ప్రధాన స్నానఘట్టం. 2020 నవంబరు, డిసెంబరులో జరిగిన తుంగభద్ర పుష్కరాలు ఇటీవలివి. కేంద్రప్రభుత్వ ప్రసాద్ పథకంలో ఈ క్షేత్రాన్ని చేర్చి యాత్రికుల సౌకర్యాలు చేపట్టారు.

సందర్శన

హైదరాబాద్ నుంచి అలంపురం సుమారు 215 కిలోమీటర్లు. బెంగళూరు వెళ్లే 44వ జాతీయ రహదారిపై అలంపూర్ చౌరస్తా దగ్గర దిగి, అక్కడి నుంచి బస్సు లేదా ఆటో పట్టుకోవాలి. కర్నూలు నుంచి దూరం పాతిక కిలోమీటర్ల పైచిలుకు, బస్సులు తరచుగా ఉంటాయి. సికింద్రాబాద్, కర్నూలు రైలు మార్గంలో అలంపూర్ రోడ్ స్టేషన్ ఉంది.

గుళ్లు తూర్పు ముఖం కాబట్టి ముఖమండపాల మీది శిల్పం ఉదయపు వెలుగులో బాగా కనిపిస్తుంది. పడమటి గోడల కోష్ఠాలకు సాయంత్రం మేలు. వేసవిలో నడిగడ్డ ఎండకు రాతి ఆవరణలో చెప్పులు లేకుండా నడవడం కష్టం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. చాలామంది యాత్రికులు బాలబ్రహ్మేశ్వరుని, అమ్మవారిని దర్శించుకుని వెనుదిరుగుతారు. అలా చేస్తే స్వర్గబ్రహ్మ, విశ్వబ్రహ్మల గోడలు, సంగమేశ్వర ప్రాకారం, పాపనాశి చూడకుండా మిగిలిపోతాయి. వీటన్నింటికీ సగం రోజు కేటాయించాలి.

పొరుగు క్షేత్రాలు

గద్వాల కోటలో చెన్నకేశవాలయం ఉంది. కోటను 17వ శతాబ్దంలో సంస్థానాధిపతి సోమనాద్రి కట్టించాడు (చూ. గద్వాల సంస్థానం). వనపర్తి జిల్లా శ్రీరంగాపురంలో వనపర్తి పాలకులు కట్టించిన రంగనాయకస్వామి ఆలయం చెరువు ఒడ్డున ఉంది (చూ. వనపర్తి సంస్థానం). నాగర్‌కర్నూల్ జిల్లాలో కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల లలితా సోమేశ్వరాలయం, జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం కూడా శ్రీశైలం ముంపు వల్ల పాత చోటు విడిచి పైకి వచ్చినవే. జటప్రోలు పాలకులే తరువాత కొల్లాపూర్‌ను రాజధానిగా చేసుకున్నారు (చూ. జటప్రోలు సంస్థానం).